కెరటాల మాటున నిదానపు అల

(శ్రీకాళహస్తిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడే దాకా శ్రీకాళహస్తి ఉన్న జిల్లాకు సముద్రం లేదు. ఇప్పుడు తూపిలిపాళెం ఇసుకతీరం, శ్రీహరికోట మన జిల్లావే. మనం ఇవాళ తలచుకుంటున్న భౌతికశాస్త్రం మాస్టారికి కొలవనిదే ఏదీ నమ్మే అలవాటు లేదు. అందుకే కంటికి సరిగా ఆనని, కొలతకు మాత్రమే దొరికే ఒక అల గురించి చెబుతాను.

తుపానులో మనల్ని భయపెట్టేవి పదేసి సెకన్లకొకటిగా వచ్చి విరిగే కెరటాలు. వాటి మాటున అరనిమిషం నుంచి ఐదు నిమిషాల దాకా సాగే నిదానపు అల ఉంటుంది. 1949లో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ దీని గురించి రాశాడు. 1962లో లాంగెట్-హిగిన్స్, స్టూవర్ట్ కారణం చెప్పారు. అలలు గుంపులుగా వస్తాయి. పెద్ద అలలున్న చోట నీటిమట్టం కాస్త దిగుతుంది, చిన్నవాటి దగ్గర లేస్తుంది. గుంపుతో పాటు నడిచే ఈ ఎగుడుదిగుడే, పెద్ద కెరటాలు విరిగాక విడివడి ఒడ్డుకు సాగుతుంది.

వాలు తక్కువున్న ఇసుకతీరంలో కెరటం ఎత్తుకు లోతే హద్దు. బయట సముద్రం ఎంత చెలరేగినా మోకాటిలోతు నీళ్లలో అది పెరగలేదు. నిదానపు అలను ఆ హద్దు అంతగా ఆపదు. తుపానుతో పాటు అదీ పెరుగుతుంది. అది లేచినప్పుడు కెరటాలు ఇసుకదిబ్బ మొదలు దాకా వచ్చి కోస్తాయి. దిగేటప్పుడు ఆ ఇసుక సముద్రంలోకి పోతుంది. 2013 నవంబరు 8న హైయాన్ తుపానులో ఫిలిప్పీన్స్‌లోని హెర్నానిని సునామీలా ముంచెత్తిన నీటిగోడ ఈ జాతిదే. అక్కడిది పగడపు దిబ్బల తీరం, తీవ్రత వేరు. సూత్రం మాత్రం ఇదే.

తెలుగునేలకు తీరాన్ని కొలిచే పని కొత్త కాదు. అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో తీరపు ఇసుకను పరిశోధించిన శాస్త్రవేత్త లాఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, వాల్తేరు తీరంలో ఇసుక పోవడం, తిరిగి చేరడం కొలిచాడు. ఆ ఓపిక మనకిప్పుడు కావాలి.

తుపాను తీసుకుపోయిన ఇసుకలో కొంత, సముద్రం నెమ్మదించాక తిరిగొస్తుంది. కొత్త ఇసుకను నదులే తేవాలి. మన స్వర్ణముఖి బంగాళాఖాతం దాకా మోసేది అదే. అడ్డూ అదుపూ లేకుండా ఏటిని తవ్వితే తీరానికి చేరేది తగ్గుతుంది. దిబ్బల్ని చదును చేయడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. ఆ దిబ్బల చాటునే, శ్రీహరికోట వెనక పులికాట్ సరస్సు ఉంది, దాన్ని నమ్ముకున్న జాలరి పల్లెలున్నాయి.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు ముందుగానే చెబుతోంది. దానికి తోడు తూపిలిపాళెంలో ఒడ్డు నుంచి లోపలికి వరుసగా ప్రెషర్ సెన్సర్లు దించి, సెకనుకోసారి నమోదు చేయాలి. నిమిషాల సగటు తీస్తే ఈ అల కనబడకుండా పోతుంది. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోగా, అంటే అక్టోబరుకల్లా అవి నీటిలో ఉండాలి. తుపానుకు ముందొకసారి, తర్వాతొకసారి దిబ్బ ఎత్తునూ వాలునూ కొలిచే పనికి ఈ ఊరి విద్యార్థులు ముందుకు రావాలని అడుగుతున్నాను.