మడి కడదాం, భూమి నిలుపుకుందాం



హస్త కార్తెలో నేల పదునైతే మన డి.కె.టి. చేలో ఒక మూల 2 సెంట్లు కూరాకు మడి కడదాం. పశువుల ఎరువు తోలి, చుట్టూ ముళ్లకంప వేద్దాం. గోంగూర, ముల్లంగి చల్లి, కంపెంబడి చిక్కుడు పెడదాం. వాన వెనకబడితే బిందెలతో పోద్దాం. ముల్లంగి నెలన్నరకే చేతికొస్తుంది.

ఇదంతా కూరకోసమేనా? కాదు. 1977 చట్టం మన అసైన్‌మెంటు భూముల అమ్మకాన్ని ఆపింది. 2023లో దాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. బీడు కనబడితే బేరగాడు గట్టెక్కుతాడు. మడి కట్టిన రోజే వీఆర్వోను అడిగి, అడంగల్లో సాగుదారుగా మీ పేరు, పంట పేరు రాయించండి.

భూమి పోగొట్టుకున్నోని కొడుకు మళ్లా పెద్దోళ్ల చేలకు కూలికే పోవాల. అమ్మొద్దు, బీడు పెట్టొద్దు. జై భీమ్!