బదాయూన్ నుంచి వచ్చిన ఇంటి ఆడపిల్ల

(శృంగవరపుకోటలో సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)





ఆడపిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. చదువు గొప్పదని మీకు నేను చెప్పనక్కర్లేదు. అది తెలియకపోతే మీరు చందా ఇవ్వరు. అందుకని ఈ రోజు ఒక్క మనిషి కథ చెబుతాను. తర్వాత మన సంఘాన్ని ఒక చిన్న కోరిక కోరతాను. రెండింటికీ సంబంధం ఉంది.

ఆ మనిషి పేరు జీలానీ బానో. ఉర్దూ కథ చదివేవాళ్ళకు తెలిసిన పేరే. తెలుగు మాత్రమే చదివే మనలో చాలామందికి తెలియదు. ఆమె 1936 జూలై 14న ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్‌లో పుట్టారు. తండ్రి హైరత్ బదాయూనీ ఉర్దూ కవి. బతుకుతెరువు కోసం ఆ కుటుంబం ఉత్తరాది వదిలి హైదరాబాద్ వచ్చి స్థిరపడింది. అప్పట్లో అలా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. చదువుకున్నవాళ్ళకు, కవులకు, పండితులకు అక్కడ పని దొరికేది. బదాయూన్‌కే చెందిన ఫానీ బదాయూనీ అనే పెద్ద కవి కూడా హైదరాబాద్ వచ్చి, 1941లో అక్కడే కన్నుమూశారు.

అలా వచ్చినవాళ్ళకు ఆ రోజుల్లో ఒక పేరుండేది. ఊరివాళ్ళు ముల్కీలు, బయటివాళ్ళు గైర్ ముల్కీలు. నిజాం ప్రభుత్వంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ అయి ఉండాలి. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ అనిపించుకోవాలంటే పదిహేనేళ్ళు అక్కడ నివాసం ఉండి, మళ్ళీ స్వస్థలానికి వెళ్ళే ఉద్దేశం లేదని రాసివ్వాలి. ఆ నియమం ఊరికే పుట్టలేదు. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్ళకు పోతున్నాయన్న బాధలోంచి పుట్టింది. 1952లో అదే బాధతో హైదరాబాద్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ బాధ అబద్ధమని నేననను. కాకపోతే పెద్దవాళ్ళ ఉద్యోగాల కోసం పుట్టిన ఆ మాట పిల్లల మెడలో కూడా పడుతుంది. రైలు దిగిన తండ్రి బయటివాడే, ఒప్పుకుందాం. అతని చేయి పట్టుకుని దిగిన చిన్నపిల్ల ఎన్నాళ్ళు బయటిది?

జీలానీ బానో తన బతుకుతో దీనికి జవాబు చెప్పారు.

ఇంట్లో పుస్తకాలున్నాయి, కవిత్వముంది. చాలా చిన్న వయసులోనే ఆమె కథలు రాయడం మొదలుపెట్టారు. 1958లో మొదటి కథల సంపుటి ‘రోష్నీ కే మినార్’ వచ్చేనాటికి ఆమెకు 22 ఏళ్ళు. ఇంటర్ చదువుతుండగా పెళ్ళయింది. ఇక్కడ తల్లిదండ్రులు కొంచెం గట్టిగా వినాలి. మన ఇళ్ళలో ఇంటర్ మధ్యలో పెళ్ళయితే పుస్తకాలు అటకెక్కుతాయి. ఆమె విషయంలో అలా జరగలేదు. భర్త అన్వర్ మొఅజ్జమ్ కవి, పండితుడు. ఉస్మానియాలో ఇస్లామిక్ అధ్యయన శాఖకు అధిపతిగా పనిచేశారు. పెళ్ళి తర్వాతే ఆమె చదువు కొనసాగించి ఉర్దూలో ఎం.ఎ. పూర్తిచేశారు. పిల్లల్ని పెంచుతూ నవలలు రాశారు. పుట్టింట్లో మొదలైన చదువు అత్తింట్లో ఆగలేదు. దీనికి ఆమె పట్టుదల ఒక కారణమైతే, ఆ రెండు ఇళ్ళూ అడ్డుచెప్పకపోవడం రెండో కారణం.

మరి ఆమె ఏం రాశారు? బదాయూన్ మీద బెంగతో కూర్చోలేదు. తాను పెరిగిన నేల గురించి రాశారు. 1976లో వచ్చిన ‘ఐవానె గజల్’ నవలలో హైదరాబాద్ నవాబు కుటుంబాల వైభవం కూలిపోవడం, ఆ గోడల మధ్య ఆడవాళ్ళ బతుకు, బయట తెలంగాణ రైతాంగ పోరాటం కనిపిస్తాయి. ‘బారిషె సంగ్’ అంటే రాళ్ళ వాన. అది తెలంగాణ పల్లెలో దొర కింద వెట్టిచాకిరీ చేసే కుటుంబాల నవల. చూడండి, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక కవిగారి కూతురు, ఉర్దూలో, తెలుగు పాలేరు కష్టం రాసింది.

ఆమె కథల్లో ఒకదాని పేరు ‘నర్సయ్య కీ బావ్డీ’, అంటే నర్సయ్య బావి. ఆ కథనూ మరికొన్ని కథలనూ కలుపుకుని శ్యామ్ బెనెగల్ ‘వెల్ డన్ అబ్బా’ అనే సినిమా తీశారు. 2010లో విడుదలైంది. అప్పటికి జీలానీ బానో వయసు 73. అందులో అర్మాన్ అలీ అనే డ్రైవరు తన పల్లెకు వెళ్ళి, ప్రభుత్వ పథకం కింద బావి తవ్వించుకుందామనుకుంటాడు. ఫొటోకి ఇంత, సంతకానికి ఇంత, కొలతకి ఇంత అని డబ్బంతా పంపకాల్లో పోతుంది. కాగితం మీద బావి ఉంటుంది, చేలో ఉండదు. అప్పుడు చదువుకున్న కూతురుతో కలిసి వెళ్ళి, మా బావి దొంగతనం అయిందని ఫిర్యాదు చేస్తాడు. చివరికి పల్లె పల్లే కదులుతుంది. ఆ సినిమాకు సామాజికాంశాల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది. మీరు నవ్వుతున్నారు. దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ నవ్వు వెనకున్నది తెలుసు.

2001లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లో స్త్రీల కోసం పనిచేసే ‘అస్మిత’ సంస్థకు అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. ఆ ఊరి ఉర్దూ సాహిత్యమంటే ముందుగా తలుచుకునే పేర్లలో ఆమెది ఒకటి. ఆమెను గైర్ ముల్కీ అనే ధైర్యం ఇప్పుడెవరికుంది?

ఆ ఇంటి తర్వాతి తరం గురించి కూడా ఒక మాట. ఆమె కొడుకు అష్హర్ ఫర్హాన్ సాంకేతిక నిపుణుడు. హామ్ రేడియో అంటే సొంతంగా రేడియో పెట్టుకుని దేశదేశాలవాళ్ళతో మాట్లాడటం. ఆ పరికరం కొనాలంటే మామూలు మనిషికి తలకు మించిన ఖర్చు. ఆయన ‘బిట్ఎక్స్’ అనే పరికరాన్ని రూపొందించి, బజారులో దొరికే చౌక భాగాలతో ఎవరైనా కట్టుకోగలిగేలా ఆ నమూనాను అందరికీ ఇచ్చేశారు. బంజారాహిల్స్‌లో ‘లామకాన్’ అని ఒక సాంస్కృతిక కేంద్రం 2010లో మొదలైంది. దాన్ని స్థాపించినవారిలోనూ ఆయన ఒకరు. లా అంటే లేదు, మకాన్ అంటే ఇల్లు. అక్కడ ఏ భాషవాళ్ళయినా నాటకం వేసుకోవచ్చు, పాట పాడుకోవచ్చు, చర్చ పెట్టుకోవచ్చు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ మనవడు, పది మంది వచ్చి కూర్చునే చోటు కట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. ఒక కుటుంబానికి ఊరు చోటిస్తే, మూడో తరానికి ఆ కుటుంబం ఊరికి ఇచ్చింది ఇది.

ఇక నా కోరిక.

మా బడిలో మొన్న పదో తరగతి పాసైన ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పను, పిల్లను నలుగురిలో నిలబెట్టడం నాకిష్టం లేదు. తల్లిదండ్రులు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చారు. తండ్రి ఇళ్ళకు పీఓపీ సీలింగ్ పని చేస్తాడు. మన ఊళ్ళో ఈమధ్య కట్టిన ఇళ్ళలో కొన్నింటి కప్పు కింద ఆయన చేతి పువ్వులున్నాయి. తల్లి చీరలకు ఫాల్ కుడుతుంది. ఆ పిల్ల ఆరో తరగతిలో మా బడికి వచ్చింది. వచ్చిన రోజు నేనే తప్పు చేశాను. టీసీ లేదు కదా, తెచ్చుకుని రండి అని తిప్పి పంపేశాను. ఆ తండ్రి సరే మాష్టారూ అని, పిల్ల చేయి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టీసీ ఆలస్యమైందని గానీ, వయసు రుజువు లేదని గానీ పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది. శిక్షణ తరగతుల్లో ఆ ముక్క నేను నలుగురికి చెప్పినవాణ్ణే. మర్నాడు పొద్దున్నే వాళ్ళుండే గదికి వెళ్ళి పిల్లను తీసుకొచ్చాను.

మొదట్లో ‘ళ’ పలికేది కాదు. ఇప్పుడు మన పిల్లల కంటే చక్కగా మన యాసలో మాట్లాడుతుంది. పదిలో తెలుగులో ఆ పిల్లకు వచ్చిన మార్కులు చూసి, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లల్ని నేను కోప్పడ్డాను. ఒకసారి తరగతిలో ‘మా ఊరు’ అని వ్యాసం రాయమన్నాను. లేచి, “ఏ ఊరు రాయాలి మాష్టారూ, అమ్మ ఊరా, మన ఊరా?” అని అడిగింది. నీ ఇష్టమన్నాను. పుణ్యగిరి కొండ గురించి, అరకు వైపు వెళ్ళే రైలు గురించి రెండు పేజీలు రాసింది.

ఇప్పుడా పిల్ల ఇంటర్ చదవాలి. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఆ పైన చెయ్యి పట్టుకోవాల్సింది మనలాంటి సంఘాలే. మన ఉపకార వేతనం దరఖాస్తు తీసుకెళ్ళి ఇచ్చాను. అందులో ఒక గడి ఉంది. ఇక్కడి రేషన్ కార్డు నకలు, స్వస్థలం ధ్రువపత్రం జతచేయాలి అని. ఆ కార్డు వాళ్ళకు లేదు. దరఖాస్తు వెనక్కి వచ్చింది.

కమిటీని నేను తప్పుపట్టడం లేదు. ఆ నియమం పెట్టినప్పుడు నేనూ చేయెత్తాను. డబ్బు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఎవరో ఎక్కడినుంచో వచ్చి తీసుకుని మాయమైపోతారన్న భయం మనందరికీ ఉంది. ఆ భయానికి కారణమూ ఉంది. కానీ మన తాతలను ఒక్కసారి తలుచుకోండి. ఈ జిల్లాల నుంచి రంగూన్‌కు పనికి పోని ఊరు అరుదు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్ళలో మన వైపువాళ్ళున్నారు. దారిలో గంజి పోసిన చేతులు వాళ్ళ స్వస్థలం అడిగి ఉంటే ఎంతమంది ఇల్లు చేరేవారు?

పెద్దలు నాకంటే బాగా ఎరిగిన విషయమే. జకాత్ ఎవరెవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. వాటిలో బాటసారి కూడా ఉన్నాడు. మదీనావాసులు మక్కా నుంచి వచ్చినవారిని అన్నదమ్ములుగా తీసుకున్న సంగతి మన పిల్లలకు మదరసాలో మొదటి ఏడే చెబుతాం.

నేనడిగేది ఒక్క వాక్యం మార్పు. రేషన్ కార్డు, స్వస్థలం బదులు, “ఈ మండలంలోని బడిలో కనీసం రెండేళ్ళు చదివి ఉండాలి” అని రాద్దాం. హాజరు పట్టీ ఏ కార్డు కంటే నమ్మకమైన కాగితం. అది మా దగ్గర ఉంటుంది, దానికి మేం జవాబుదారీ. డబ్బు పిల్ల చేతికి కాకుండా నేరుగా కాలేజీకి కడదాం. మోసమన్న భయం అక్కడితో పోతుంది. స్థానిక పిల్లల వంతు తగ్గుతుందని ఎవరైనా అంటే, ఈ ఏడాది ఆ ఒక్క పిల్ల ఫీజు కోసం విడిగా చందా ఎత్తుదాం. మొదటి చందా నాది. రసీదు పుస్తకం కార్యదర్శిగారి దగ్గరుంది, నేను దిగగానే రాయించుకుంటాను.

ఈ పిల్ల జీలానీ బానో అంతటిది అవుతుందని నేను హామీ ఇవ్వలేను. తను నర్సు కావాలనుకుంటోంది. కాలేజీలో చేరడానికి గడువు దగ్గరపడింది. సభ ముగిశాక కమిటీవారు పది నిమిషాలు కూర్చుని ఆ గడి సంగతి తేల్చాలని మనవి.