నాయన బీడీ నాయనే తెచ్చుకోవాల

 

స్మారకోపన్యాసమంటే పోయినవారి గొప్పలు చెప్పడం ఆనవాయితీ. నేను మా బడి సారు బీడీల సంగతితో మొదలుపెడుతున్నాను. సారు ఇంట్లో అమ్మగారిని ముందే అడిగాను. "చెప్పు నాయనా, ఆయనుంటే ఆయనే చెప్పేవాడు" అన్నారు.

నేను ఏడో తరగతిలో ఉండగా సారుకు బీడీలు తేవడం మా క్లాసులో పెద్ద పదవి. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆయన జేబులో చిల్లర తడుముకునేవారు. మేమంతా ఆయన కంటబడేలా ముందుకు జరిగేవాళ్లం. పిలుపు అందుకున్నవాడు ఎర్రటి ఎండలో అంగడికి పరుగెత్తి, కట్టను చొక్కాలో పెట్టుకుని తెచ్చేవాడు. దారిలో వాసన చూసేవాళ్లం. నేను తాగిన మొదటి బీడీ ఆ కట్టలోదే. సారు లెక్కపెట్టుకోరని మాకు తెలుసు. ఆ రోజుల్లో ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు, మా నాయనకు కూడా. ఇంట్లో ఆయన బీడీలు తెచ్చేదీ నేనే.

తర్వాత చట్టాలు వచ్చాయి. మురళీ దేవరా వేసిన కేసులో 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, ఆఫీసులు, రైళ్లలో పొగ తాగడం ఆపించమంది. 2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మరాదు, చదువు చెప్పే చోటుకు నూరు గజాల లోపల అమ్మరాదు. 2008 అక్టోబరు 2 నుంచి, గాంధీ జయంతి నాడే, పనిచేసే చోట్లకు కూడా నిషేధం పాకింది. తప్పితే జరిమానా 200 రూపాయల వరకు. 2019లో బడులకు కొత్త మార్గదర్శకాలొచ్చాయి. నూరు గజాల దగ్గర రోడ్డు మీద పసుపు గీత గీయాలన్నారు.

అప్పటికి నేనూ పంతులునే. బడి గేటు నుంచి పిల్లలతో కలిసి చేంతాడు పట్టి కొలిచాను. నూరు గజాలంటే తొంభై ఒక్క మీటరు పైచిలుకు. బీడీలమ్మే అవ్వ అంగడి అందులో సగానికే తగిలింది. చిన్న గూడు, వేలాడే షాంపూ పొట్లాలు, గాజు సీసాల్లో బొరుగుల ఉండలు, సున్నం డబ్బా పక్కన బీడీకట్టలు. చట్టం చెప్పాను. అవ్వ నా చేతిలోని తాడు వైపు చూసింది.

"అంగడి ఆడికి జరిపితే తాగేటోడు ఆడికి నడుస్తాడు, అంతే గదా సామీ. పిల్లోళ్లు తాగతామంటే నేనియ్యను. నాయన తెమ్మన్నాడని వస్తే ఏం జేసేది? ముందు ఆ నాయన్లను కొలువు నీ తాడుతో."

ఆ సాయంత్రం సారు ఇంటికి పోయి ఈ మాట నవ్వుతూ చెప్పాను. రిటైరై చాన్నాళ్లయింది, అరుగు మీద కూర్చున్నారు. ఆయన నవ్వలేదు. "అవ్వ అన్నది నన్నే లేరా" అన్నారు. మరుసటి రోజు నుంచి మనవణ్ని అంగడికి పంపడం మానేశారు. చేతికర్ర పట్టుకుని తానే పోయేవారు. సగం దారిలో వేపచెట్టు కింద నిలబడి ఆయాసం తీర్చుకునేవారు. రోజుకో కట్ట రెండు రోజులకైంది, తర్వాత మూడు రోజులకైంది. "బుద్ధొచ్చి కాదురా, కాళ్లు రాక" అనేవారు. పూర్తిగా మాననూ లేదు, ఊపిరి తిరిగి రానూ లేదు. అయినా ఆయన నాకు నేర్పిన పాఠాల్లో అన్నిటికన్నా పెద్దది ఆ నడకే. నియమం పెట్టేవాడు దాని ఖర్చులో తన వాటా తాను కట్టాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

చేలోకి రండి. మిరపకాయలు కోసే కాలంలో చూడండి. గోతాలు మోసే మగవాళ్లు గట్టు మీద కూర్చుని బీడీ ముట్టిస్తే రైతు ఏమీ అనడు. బీడీ అయ్యేదాకా విశ్రాంతి అన్నమాట. ఆడవాళ్లు కొంగుముడి విప్పి ఆకువక్కలో పొగాకు వేసుకుంటారు, అదీ ఒప్పుకున్నదే. ఒకసారి ఒక పిల్ల ఊరికే కూర్చుంది. ఆమెకు బీడీ లేదు, ఆకువక్క లేదు. "నీకేం పని లేదా?" అని కేక పడింది. మన చేలల్లో అలసటకు గుర్తింపు లేదు, పొగాకుకు ఉంది. అందుకే కూలీకి పొగ మానమని చెప్పే రైతు ముందు పొద్దుకు రెండుసార్లు అందరికీ నీళ్లు, నీడ, పావుగంట కూర్చునే హక్కు ఇవ్వాలి. ఆ పావుగంట కూలి ఆయన జేబులోంచి పోతుంది. అదే ఆయన వాటా.

ఊరి నియమానికి మన తెలుగు నేల మీద పెద్ద ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఊళ్లోంచి తరిమారు. వాళ్లలో వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఇంట్లో దెబ్బలు, బజార్లో బెదిరింపులు వాళ్లే భరించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వమే సడలించింది. ఖజానాకు పడిన గండిని మోయలేకపోయింది. ఆడవాళ్లు తమ వాటా కట్టారు, సర్కారు వల్ల కాలేదు.

పైగా మనది హద్దు ఊరు. అనంతపురం కన్నా బళ్లారి దగ్గర. మన ఎండుమిరప బ్యాడగి మార్కెట్టుకు పోతుంది. 2019 తర్వాత ఈ పక్క మందు ధర పెరగ్గానే ఆ పక్కనుంచి టెట్రా ప్యాకెట్లు సంచుల్లో వచ్చిన సంగతి మీకు నేను చెప్పాలా? చట్టం హద్దురాయి దగ్గర ఆగుతుంది. ఇంటి నియమానికి ఆ రాయి అడ్డం కాదు.

చట్టం వద్దని నేననడం లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను ప్రకారం పిల్లల చేతికి పొగాకు గానీ మందు గానీ ఇస్తే ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 78వ సెక్షను మందు, గంజాయి పిల్లలతో మోయించినా అంతే అంటుంది. "పోరా, ఒక క్వార్టరు పట్టుకరా" అనే నాయన్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మానాలనుకునేవాళ్లకు సాయమూ ఉంది. పొగాకుకు 1800-11-2356, మత్తుమందులకు 14446, ఫోను ఉచితం. గంజాయి అలవాటైన పిల్లవాణ్ని బడి నుంచి తరిమేయడం నియమం కాదు, బరువు దించుకోవడం. వాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయే పూట ఒక పంతులు సెలవు పెట్టాలి. అది బడి వాటా.

అవ్వ సంగతి మరిచిపోలేదు. బీడీకట్ట పోతే ఆమె కూడు తగ్గుతుంది. బడికి కావలసిన బలపాలు, నోటుబుక్కులు, పండగనాటి మిఠాయి ఆమె దగ్గరే కొందామని మేం పంతుళ్లం తీర్మానించుకున్నాం. కొంచెం ఖరీదెక్కువే, సర్దుకున్నాం. పసుపు గీత లోపల ఇప్పుడు బీడీలు లేవు.

సారు పేరున ఊళ్లో ఒక్క నియమం పెట్టుకుందాం. పోలీసు అక్కర్లేదు, జరిమానా అక్కర్లేదు. నాయన బీడీ నాయనే తెచ్చుకోవాల. పంతులుదీ, రైతుదీ, సర్పంచుదీ అంతే.

సభ ముగిసింది. అంగడికి పోవాలనుకునే పెద్దలు ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని లేవండి. బయట ఎండ గట్టిగా ఉంది, దారిలో వేపచెట్టు ఉంది. సెలవు.