బడిలో తడిగుడ్డ



వంటిల్లు సర్దేసి కాస్త నడుం వాల్చే వేళకి వచ్చి పలకరిస్తున్నాను, ఏమనుకోకండి. పరాయి దేశంలో ఏడాది చదువుకొచ్చిన పిల్లవి కదా, అక్కడి విశేషాలు చెప్పమన్నారు. విశేషాలంటే మేడలూ, గాలిలా దూసుకుపోయే రైళ్ళూ చెప్పాలి కాబోలు. అవి మీరు టీవీలో నాకంటే బాగానే చూసి ఉంటారు. నేను చెప్పబోయేది ఒక గుడ్డపీలిక సంగతి. దాని దగ్గరికి రావడానికి మాత్రం కొంచెం దారి నడవాలి.

2018లో నాకు పదహారేళ్ళు. పదో తరగతి అప్పుడే అయింది. విద్యార్థులను ఏడాదిపాటు వేరే దేశంలో, ఒకరింట్లో ఉంచి చదివించే పథకం ఒకటుంటే నాన్న నా చేత దరఖాస్తు పెట్టించారు. జపాను వచ్చింది. ఇక చూడండి, చుట్టాలంతా ఒకటే గొడవ. ఇంటర్లో ఒక ఏడాది పోగొట్టుకుంటుందా, తోటిపిల్లలు ముందుకు వెళ్ళిపోరూ, అక్కడ ఏం తింటుంది, ఎవరు చూస్తారు, అని. మా బామ్మ మాత్రం ఒక్కమాటే అంది. "వెళ్తాననకు, వెళ్ళొస్తానను." గడప దాటేటప్పుడు మనలో ఎవరమూ ఉత్తి 'వెళ్తాను' అనం కదా, ఆ పట్టింపు ఆవిడకి మరీ ఎక్కువ.

నేనున్న ఊరి పేరు కనజావా. టోక్యో నుంచి వేగంగా వెళ్ళే రైల్లో రెండున్నర గంటలు. ఆ రైలు 2015లోనే వచ్చిందట. వానలూ మంచూ బాగా ఎక్కువ. "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అని అక్కడి వాళ్ళకి ఒక సామెతే ఉంది. చలికాలం వస్తోందంటే నవంబరులోనే తోటలో చెట్ల నడుమ నిలువు గుంజ పాతి, పైనుంచి తాళ్ళు దింపి ఒక్కొక్క కొమ్మకీ కడతారు. మంచు బరువుకి కొమ్మ విరగకుండా అన్నమాట. చెట్టుకి ఉట్టి కట్టినట్టుంటుంది.

నన్ను ఉంచుకున్న ఇంట్లో భార్యాభర్తలూ, నా ఈడు అమ్మాయీ, నాలుగో తరగతి చదివే పిల్లవాడూ. మొదటిరోజు పొద్దున్నే బడికి బయల్దేరాం. ఆ పిల్లలిద్దరూ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ లోపలికి వినబడేలా "ఇత్తె కిమస్" అని కేక పెట్టారు. లోపల్నుంచి వాళ్ళమ్మ "ఇత్తె రష్షాయ్" అంది. అదేమిటని అడిగితే ఆ అమ్మాయి వచ్చీరాని ఇంగ్లీషులో విడమర్చి చెప్పింది. 'ఇత్తె' అంటే వెళ్ళి. 'కిమస్' అంటే వస్తాను. వెళ్ళొస్తాను! అవతలివాళ్ళు చెప్పేది, వెళ్ళి రా అని. బామ్మ మాట నాకంటే ముందే విమానం ఎక్కి వచ్చేసినట్టు అనిపించింది. బూటు తాడు కట్టుకునే వంకతో తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాను.

ఆ భాష నేర్చుకోవడం మనకి అనుకున్నంత కష్టం కాదండీ. రాత సంగతి అడక్కండి, అది వేరే కష్టం. మాట మాత్రం మన వరసే. క్రియ చివరికి వస్తుంది. 'నేను అన్నం తింటాను' అన్న వరసలోనే వాళ్ళూ అంటారు. ఇంకో తమాషా, వాళ్ళు అన్నాన్ని 'గోహన్' అంటారు. భోజనాన్నీ 'గోహన్' అనే అంటారు. మనం "అన్నం తిన్నావా" అని అడిగితే వరి అన్నం తిన్నావా అని కాదు గదా, అలాగే. పొద్దుటి ఫలహారం రొట్టే అయినా దాని పేరు 'పొద్దుటి అన్నమే'.

తిండి గురించి మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తాను. మా ఇంట్లో గుడ్డు వరకే. అక్కడేమో చారులాంటి దాంట్లో కూడా ఎండుచేప కాచిన నీళ్ళు పోస్తారు. నాలుగు వారాలు పెరుగూ అన్నం తిని గడిపాను. ఆ ఇంటావిడ, ఆవిణ్ణి నేను 'ఒకాసాన్' అనేదాన్ని, అంటే అమ్మ అనే, పాపం నా కోసం సముద్రపు నాచు వేసి విడిగా చారు కాచేది. జూన్ నెలలో ఆవిడ ఊరగాయ పెట్టింది. ఉమె అని ఒక పుల్లటి కాయ, మన నేరేడుపండంత ఉంటుందనుకోండి. కాయలకి ఉప్పు పట్టించి జాడీలో వేసి పైన బరువు పెట్టింది. నాలుగు రోజులకి ఊట పైకి తేలింది. వానలు వెనకపట్టాక కాయలు బయటికి తీసి చేటల్లో పరిచి మూడు రోజులు ఎండబెట్టింది. "ఇది మా మాగాయ!" అని నేను గంతులేశాను. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. కారమూ మెంతిపిండీ లేవన్నమాటే గానీ పద్ధతంతా మాగాయదే. ఆ ఉమెబోషి ఒక్కటి అన్నం మధ్యలో పెట్టుకుంటే నాకు పూట గడిచిపోయేది.

ఇప్పుడు బడి సంగతి. బడిలోకి అడుగు పెట్టగానే బూట్లు విప్పి అరలో పెట్టి లోపల వేసుకునే తెల్ల జోళ్ళు తొడుక్కోవాలి. అది మనకి కొత్తేమీ కాదు, చెప్పులతో మనమూ ఇంట్లోకి రానివ్వం. సాయంత్రం ఆఖరి పీరియడ్ అయ్యాక గంట కొట్టారు. ఇంటికే అనుకుని సంచీ తగిలించుకున్నాను. చూద్దును గదా, అందరూ బల్లలు ఎత్తి వెనక్కి నెడుతున్నారు. కొందరు చీపుళ్ళు పట్టారు, కొందరు బకెట్లు. నా చేతిలో ఒక గుడ్డ పెట్టారు. అదే నేను చెప్తానన్న గుడ్డ. జోకిన్ అంటారు దాన్ని. పాత తువ్వాలుని మడతపెట్టి దట్టంగా కుట్టిన తడిగుడ్డ. చిన్నబళ్ళలో టర్ము మొదట్లో ఇంటినుంచి రెండేసి తెమ్మంటారు. వెనకటికి తల్లులు ఇంట్లోనే కుట్టి ఇచ్చేవారు, ఇప్పుడు చాలామంది చవక దుకాణంలో కొనిపడేస్తున్నారని ఒకాసాన్ నవ్వేది.

ఆ గుడ్డ తడిపి పిండమన్నారు. పిండాను. నీళ్ళు ధారగా కారుతూనే ఉన్నాయి. ఇంకోసారి పిండాను, అంతే. నా పక్కనున్న అబ్బాయి, మగపిల్లాడండీ, నా చేతిలోంచి అది తీసుకుని నిలువుగా, కత్తి పట్టుకున్నట్టు పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. చుక్క మిగల్లేదు. పదహారేళ్ళు వచ్చి, పదో తరగతిలో పదికి పది తెచ్చుకుని, నాకు గుడ్డ పిండడం రాదన్నమాట! మా ఇంట్లో అంతేగా మరి. "నువ్వు చదువుకో తల్లీ, పని మేం చూసుకుంటాం" అని నా కంచం కూడా నన్ను తియ్యనివ్వలేదు.

అక్కడి బళ్ళలో పనివాళ్ళే ఉండరని కాదు. మరమ్మతులకీ వాటికీ మనుషులున్నారు. కానీ తాము కూర్చునే గదీ, నడిచే నడవా, మెట్లూ పిల్లలే వంతులవారీగా శుభ్రం చేసుకుంటారు. మా బళ్ళో మరుగుదొడ్లు కూడా. మూడో వారం ఆ వంతు నాకొచ్చింది. అయిదు నెలల దాకా ఆ మాట ఇంట్లో చెప్పలేదు నేను. ఒకరోజు ఫోనులో నోరుజారాను. అమ్మ మాట్లాడలేదు. బామ్మ అందుకుంది, "అంత దూరం పంపించింది పాచిపనికా?" అని.

చిన్నపిల్లవాడి బడికి కూడా ఒకసారి వెళ్ళాను, తల్లిదండ్రులు వచ్చి పాఠం చూసే రోజని. మధ్యాహ్నం భోజనం గదిలోనే. ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల చొక్కాలూ టోపీలూ తొడుక్కుని గరిటెలతో వడ్డించారు. తొమ్మిదేళ్ళ పిల్లలు! టీచరు కూడా వాళ్ళతోపాటే అదే భోజనం. శుక్రవారం ఆ తెల్ల చొక్కా ఇంటికి తెచ్చి, ఉతికి ఇస్త్రీ చేయించి, సోమవారం తర్వాత వంతు పిల్లవాడికి అప్పజెప్పాలి. ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ ఎవరంటారా? ఇంకెవరు, అమ్మే.

అన్నీ అక్కడ గొప్పే అని చెప్పడానికి రాలేదండీ నేను. మా పెద్దబడిలో భోజనం పెట్టరు, ఇంటినుంచి డబ్బా తీసుకెళ్ళాలి. ఒకాసాన్ అయిదింటికే లేచి నాలుగు డబ్బాలు సర్దేది. ఆయన ఆఫీసు నుంచి ఏ రాత్రికో వచ్చి, తిని, కప్పు ఉన్నచోటే వదిలేసి లేచిపోయేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "మీరూ చిన్నప్పుడు బళ్ళో తడిగుడ్డ పెట్టారు కదూ?" అని. "ఓ, బ్రహ్మాండంగా పెట్టేవాణ్ణి" అన్నారు. ఒకాసాన్ కప్పు తీస్తూ నావైపు చూసి ఊరుకుంది. బళ్ళో నేర్చిన పని ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదన్నమాట. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

ప్రయాణాలు చాలానే చేశాం. ఒక్కటి చెప్తాను. బడివాళ్ళు నారా తీసుకెళ్ళారు. లేళ్ళు ఊళ్ళోనే తిరుగుతుంటాయి, బిస్కెట్టు చూపిస్తే తల వంచి దణ్ణం పెడతాయి. అక్కడ తోదాయ్‌జీ అనే గుళ్ళో కంచు బుద్ధుడు, పదిహేను మీటర్ల ఎత్తు. 752లో ఆ బుద్ధుడికి కళ్ళు దిద్దే వేడుక జరిగింది. దిద్దింది ఎవరనుకున్నారు? బోధిసేనుడని మన దేశం నుంచి వెళ్ళిన సన్యాసి. దక్షిణాది వాడే అంటారు. చైనా మీదుగా 736లో జపాను చేరాడట. ఆయన పట్టుకున్న కుంచెకి పొడుగాటి దారాలు కట్టి, చక్రవర్తి దగ్గర్నుంచి అంతా వాటి కొస పట్టుకు నిలబడ్డారట, ఆ పుణ్యంలో పాలు పంచుకోవడానికి. తర్వాత విగ్రహం అగ్నిప్రమాదాల్లో దెబ్బతిని చాలా భాగం మళ్ళీ పోతపోశారు. టీచరు ఇదంతా చెప్పి, "మీ ఊరాయన" అని నన్ను ముందుకు నిలబెట్టారు. గర్వంగానే ఉంది గానీ ఇంకొకటి తొలిచింది. ఆయన అక్కడే, 760లో పోయాడు. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మతో వెళ్ళొస్తాననే చెప్పి ఉంటాడు కదా.

నేను మాత్రం 2019 మార్చిలో వచ్చేశాను. జూన్‌లో ఇంటర్లో చేరాను. మొదట్లో రెండురోజులు నా గది నేను తుడుచుకున్నాను. బామ్మ చీపురు లాక్కుంది, పుస్తకాలు ముందేసింది. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలి కదా, హాయిగానే ఉంది.

జూలైలో నాకు జ్వరమొచ్చి కాలేజీ మానేశాను. పదకొండు గంటలకి లేచి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే, సింకు ముందు పీట వేసుకుని నిలబడి ఒక పిల్ల గిన్నెలు తోముతోంది. పదకొండేళ్ళుంటాయి. స్కూలు డ్రెస్సు మీద పాత తువ్వాలు చుట్టుకుంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు.

"బడికి వెళ్ళలేదా?" అన్నాను.

"అమ్మకి జొరం అక్కా. ఇంకో రెండిళ్ళు చేసేసి పోతా."

నాకూ జ్వరమే. నాకొస్తే నేను మంచమెక్కాను. వాళ్ళమ్మకొస్తే ఆ పిల్ల వచ్చి నేను తిన్న కంచం తోముతోంది. అప్పటికి ఇంకో రెండిళ్ళు అయ్యేసరికి బళ్ళో మధ్యాహ్నం గంట కూడా కొట్టేస్తారు. పిల్లలందరూ బడిలోనే ఉండాలని చట్టం 2010 నుంచి అమల్లో ఉందని మేం పరీక్షల్లో రాశాం. అయిదు మార్కుల ప్రశ్న అది.

సాయంత్రం అమ్మతో పోట్లాడాను. ఇన్నాళ్ళూ చూస్తూ ఎలా ఊరుకున్నావని. అమ్మ కాసేపు విని అంది, "ఆ పిల్లని రావద్దంటాను సరే. ఆవిడ రానిరోజు గిన్నెలు ఎవరు తోముతారు? మీ నాన్నా? తమ్ముడా? నువ్వు? ఆఖరికి నా నెత్తినే కదా!" నాకు ఒకాసాన్ చూపు గుర్తొచ్చింది. అమ్మ తప్పు ఏమీ లేదక్కడ. పదహారేళ్ళు కంచం వదిలేసి లేచిన దాన్ని నేనే.

మర్నాడు అమ్మ ఆవిడకి చెప్పింది. ఒంట్లో బాగాలేకపోతే ఫోన్ చెయ్యి చాలు, పిల్లని పంపకు, జీతం తెగ్గొయ్యను అని. మేం నలుగురం వంతులు వేసుకున్నాం. తమ్ముడు మొదటివారంలోనే రెండు గాజుగ్లాసులు పగలగొట్టాడు. నాన్న ఒక్క గిన్నెకి సగం సబ్బు అరగదీసేవారు. అయినా అమ్మ దగ్గరికి వచ్చి లాక్కోలేదు, అదే నయం. ఎదురింటావిడ మాత్రం "మీరిలా మొదలుపెడితే రేపు మా పనావిడా అడుగుతుంది" అని గట్టిగానే అంది. ఆ పిల్లని మిగతా ఇళ్ళవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు, తను బడి మానేస్తూనే వచ్చింది. కాకపోతే ఒక ఇల్లు తగ్గింది. 2024లో పదో తరగతి గట్టెక్కింది. మా వల్ల అని చెప్పుకుంటే నవ్విపోతారు, అది వాళ్ళమ్మ మొండితనం.

బామ్మ నాతో వారంరోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఆవిడ పాత తువ్వాలు మడతపెట్టి జోకిన్ కుడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇవేం కుట్లే, ఒక్కసారి పిండితే ఊడిపోతాయి" అంది. నా చేతిలోంచి లాక్కుని కుట్లన్నీ విప్పేసి, మొదట్నుంచీ మళ్ళీ కుట్టుకొచ్చింది. ఆ గుడ్డ ఇంకా మా ఇంట్లో ఉంది.

మరి నేను వెళ్ళొస్తానండీ.