ఇల్లందు: నేల కింది చరిత్ర, నేల మీది చరిత్ర

(స్మారకోపన్యాస పాఠం)

ఈ ఉపన్యాసం మన బడి మాస్టారి పేరిట జరుగుతోంది. ఆయన భూగోళం చెప్పేటప్పుడు పటం గోడకు తగిలించడంతో సరిపెట్టేవారు కాదు, పిల్లల్ని వాగు ఒడ్డుకు తీసుకెళ్లి రాయి చేతికిచ్చేవారు. నేనూ ఇవాళ రాయి దగ్గరే మొదలుపెడతాను.

ఇల్లందులో మన కాళ్ల కింద ఉన్నవి గోండ్వానా శిలలు. ప్రాణహిత, గోదావరి ప్రవహించే ఈ లోయ మామూలు లోయ కాదు. భూమిలో రెండు పొడవాటి పగుళ్లు పడి, వాటి మధ్య నేల కోట్ల ఏళ్లపాటు మెల్లమెల్లగా కుంగుతూ వచ్చింది. కుంగిన చోట ఇసుకా బురదా అడవుల చెత్తా పొరలు పొరలుగా పేరుకున్నాయి. అన్నిటికన్నా అడుగున తాల్చేరు పొరలున్నాయి. హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన గుండ్రాళ్లు వాటిలో కనిపిస్తాయి. మే నెలలో నిప్పులు కురిసే ఈ ప్రాంతం ఒకప్పుడు మంచు కింద ఉండేదని ఆ రాళ్లే సాక్ష్యం చెబుతున్నాయి. మంచు కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి. ఆ అడవుల్లో గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఎక్కువ. దాని పొడుగాటి ఆకుల అచ్చులు ఇప్పటికీ రాళ్లలో దొరుకుతాయి. ఆ అడవి కుళ్లి, అణిగి, బొగ్గయింది. ఇది జరిగి ఇరవై ఐదు కోట్ల ఏళ్లు దాటింది.

ఇల్లందు బొగ్గుక్షేత్రం ఈ లోయలో ప్రధాన భాగం కాదు. పడమరగా విడిపోయి మిగిలిన చిన్న ముక్క. చుట్టూ పాతకాలపు గట్టి శిలలు, మధ్యలో కొద్దిమేర బొగ్గు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ఊరు ఎందుకు ముందు వెలిగిందో, ఎందుకు ముందు వెలవెలబోయిందో ఈ ఒక్క సంగతే చాలావరకు చెబుతుంది.

పుస్తకాల్లో చరిత్ర విలియం కింగ్‌తో మొదలవుతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన ఆయన 1870ల మొదట్లో ఇక్కడ బొగ్గు ఉందని గుర్తించి, 1872లో ఆ సంగతి ప్రకటించాడు. అదే ఏడాది కడప, కర్నూలు శిలల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం వెలువడింది. 1881లో ప్రాణహిత, గోదావరి లోయ మీద ఇంకో గ్రంథం వచ్చింది. చివరికి ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యాడు. తెలుగు నేల రాళ్లను అంత ఓపిగ్గా చదివినవాళ్లు తక్కువ. బొగ్గు పొరల్లో, అంటే సీముల్లో, ఒకదానికి ఆయన పేరే పెట్టారు, కింగ్ సీమ్ అని. ఆయనకు దక్కవలసిన గౌరవమే అది.

అయితే ఆయన కన్నా ముందు ఆ రాయిని చూసినవాళ్లున్నారు. భద్రాచలం యాత్రకు వెళ్తున్నవాళ్లు వంటకు పొయ్యి పెట్టుకుంటే పొయ్యిరాళ్లే అంటుకున్నాయని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. కథలో నిజమెంతైనా, దానికి ఆధారమైన నేల మాత్రం నిజమే. బొగ్గు పొర పైకి తేలిన చోట దాన్ని చూడటానికి శాస్త్రం చదవనక్కరలేదు. ఈ అడవుల్లో బతికిన కోయలకు ఏ వాగు గట్టున నల్లరాయి ఉందో తెలియదనుకోవడం నాకు సాధ్యం కాదు. చూపించినవాళ్ల పేర్లు లేకుండానే చరిత్ర అచ్చయింది. ఈ లోటును నేను చిన్నదనుకోను.

తర్వాతి ఘట్టం లండన్‌లో జరిగింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ ఏర్పడి నిజాం రాజ్యంలో గనుల హక్కులు పొందింది. వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఆ హక్కులు సంపాదించినవాళ్లు. కంపెనీ వాటాల్లో పెద్ద భాగం వాళ్ల చేతుల్లోకే వెళ్లింది. నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న అబ్దుల్ హక్ తన దగ్గరున్న వాటాలనే ప్రభుత్వం చేత ఎక్కువ ధరకు కొనిపించాడన్న ఆరోపణ వచ్చింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దీని మీద విచారణ సంఘం వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. ఇల్లందు అడవిలో తవ్వకం సరిగ్గా మొదలుకాకముందే ఇల్లందు బొగ్గు మీద లండన్‌లో వ్యాపారం నడిచిందన్నమాట. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ నేల విలువను ఈ నేల మీద లేనివాళ్లు లెక్కగట్టడం ఆనాడే మొదలైందని చూపడానికే.

రైలు కూడా బొగ్గు కోసమే వచ్చింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన మార్గాన్ని వరంగల్ మీదుగా పొడిగించి, డోర్నకల్ దగ్గర చీల్చి, 1888 నాటికి గనుల దాకా తెచ్చారు. ఆ మరుసటేడు బెజవాడ కలిసింది. క్షేత్రానికి సింగరేణి పేరు పెట్టారు కానీ ఆ ఊరు కారేపల్లి పక్కన ఉంది, బొగ్గు ఇల్లందు దగ్గర ఉంది. తర్వాత గనులు గోదావరి వెంట ఉత్తరానికి ఎంత దూరం పోయినా ఆ పల్లె పేరే వెంట నడిచింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటా కొన్నది. 1960లో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతుల ఒప్పందం కుదిరింది. 1970ల తొలి సంవత్సరాల్లో దేశంలోని బొగ్గు గనులను జాతీయం చేసినప్పుడు సింగరేణిని ముట్టుకోవలసిన పని రాలేదు. అది అప్పటికే ప్రభుత్వ సంస్థ.

ఇప్పుడు గని లోపలికి వెళ్దాం. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి.

బాయి, అంటే గని, దగ్గర మస్టర్ హాజరు పడి, క్యాప్ ల్యాంప్ తీసుకుని, ఇంక్లైన్ వెంట ఏటవాలుగా దిగుతారు. అడ్డంగా నిలువుగా దారులు తవ్వుతూ, మధ్యలో బొగ్గు స్తంభాలు వదులుతూ పోవడం పాత పద్ధతి. ఆ స్తంభాలే పైకప్పును మోస్తాయి. వాటిని పిల్లర్లంటారు. సీములో చివరిదాకా పోయాక, వెనక్కి వస్తూ ఆ పిల్లర్లనే తీసుకుంటారు. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్, సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తారు. గట్టిగా ఖంగుమంటే సరే. డొల్లగా పలికితే మనుషుల్ని వెనక్కి రప్పిస్తారు. ఇనుప దిమ్మెలు వచ్చాక కూడా పాతవాళ్లకు కట్టె దిమ్మె మీదే నమ్మకం. బరువు మీద పడ్డప్పుడు కట్టె చిటపటమని ముందే హెచ్చరిస్తుంది, ఇనుము చెప్పకుండా వంగుతుంది. గ్యాసు ఉందో లేదో దీపం చెబుతుంది. సేఫ్టీ ల్యాంపులో మంట తగ్గించి చూస్తే, దాని పైన నీలంగా ఒక చిన్న టోపీ కనిపిస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి గాలిలో మీథేన్ ఎంతుందో పోల్చుకుంటారు. తట్టా, చెమ్మాస్ అనే పారా పట్టి బొగ్గు నింపినవాళ్లను చదువులేనివాళ్లని రాసిన పుస్తకాలున్నాయి. రాతిని చెవితోనూ గాలిని కంటితోనూ చదవడం చదువు కాకపోతే మరి ఏది చదువో వాళ్లే చెప్పాలి.

ఖాళీ అయిన చోట పైకప్పు కూలకుండా ఇసుక నింపేవారు. ఆ ఇసుక మన వాగుల నుంచీ గోదావరి నుంచీ వచ్చింది. నీళ్లతో కలిపి గొట్టాల్లో లోపలికి పంపితే, ఇసుక నిలిచి నీరు వడిసిపోతుంది. నది మోసుకొచ్చిన ఇసుక మళ్లీ భూమి లోపలికే పోయి, అడవి అణిగి బొగ్గయిన చోట కూర్చుంది. ఇల్లందు, కొత్తగూడెం, గోదావరిఖని వీధుల కింద ఎన్నో చోట్ల నేలను నిలబెట్టింది ఆ ఇసుకే.

ఎన్ని జాగ్రత్తలున్నా ప్రమాదాలు ఆగలేదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు పొంగి 17 మంది చనిపోయారు. ఒక్కరొక్కరుగా పోయినవాళ్లు ఇంకెందరో. పెద్ద ప్రమాదానికి స్మారక స్తూపం ఉంటుంది. పైకప్పు రాయి పడి ఒక్కడు పోతే వాళ్ల ఇంట్లో మాత్రమే తేదీ గుర్తుంటుంది.

ఇల్లందు సంగతికి వస్తాను. ఇక్కడి బొగ్గు చిన్న ముక్క అన్నాను కదా. 1920ల చివర బెల్లంపల్లి తెరుచుకుంది, ఆ తర్వాత కొత్తగూడెం ఎదిగింది. కంపెనీ కేంద్రం కొత్తగూడేనికి మారిపోయింది. గని ఆయుష్షు మీద ఆధారపడ్డ ఊళ్లకు ఇది తప్పలేదు. తర్వాత బెల్లంపల్లిలోనూ ఇదే జరిగింది. 1970ల మధ్య నుంచి నేలను పైనుంచే తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. 1990ల తొలిలో లక్షా పది వేలు దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం ఏడాదికి ఏడు కోట్ల టన్నులకు చేరింది. బాయి చుట్టూ ఊరు పెరిగేది, ఓపెన్‌కాస్ట్ చుట్టూ మట్టిగుట్టలు పెరుగుతున్నాయి. ఇందులో కోయ పల్లెలు కోల్పోయింది ఎక్కువ. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న 1970 నాటి నిబంధన ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు గనులు కూడవన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు ఉంది. ప్రభుత్వ సంస్థ తవ్వుకోవడానికి ఆ తీర్పు అడ్డు కాదు. ఊరు లేచిపోయేవాడికి తవ్వేది ఎవరన్న తేడా పెద్దగా తెలియదు.

స్త్రీల సంగతి చెప్పకుండా ముగించలేను. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పని చేయనివ్వలేదు. 2019లో పగటి వేళల్లో, వాళ్ల సమ్మతితో, కొన్ని రకాల లోపలి పనులకు అనుమతి వచ్చింది. ఇవాళ ఈ హాలులో మైనింగ్ చదువుతున్న అమ్మాయిలున్నారు, సంతోషం.

చివరిగా ఒక విన్నపం. గని మూసేటప్పుడు లోపలి దారుల ప్లాన్లు భద్రపరచాలని చట్టం చెబుతుంది. పాత ఇల్లందు గనుల ప్లాన్ల నకళ్లు మన ఊరి గ్రంథాలయంలో ఉండాలి. ఏ ఇంటి కింద ఏ దారి పోయిందో తెలుసుకునే హక్కు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకుంది. వాటి పక్కనే ఇంకొక పుస్తకం తెరవండి. ఏ బాయిలో, ఏ షిఫ్టులో, ఎవరు పోయారో వాళ్ల వాళ్లు చెబుతుంటే రాసుకోండి. బొగ్గు బళ్లు తోసిన ట్రామర్లు, బొగ్గు నింపిన ఫిల్లర్లు, దిమ్మెలు నిలిపిన టింబర్‌మన్లు రిటైరై ఇంకా మన మధ్యే ఉన్నారు. వచ్చే నెల నుంచే ఆదివారాలు వాళ్లను పిలిచి కూర్చోబెడదాం, రాసుకునే పని నేను చేస్తాను.