ఇంట్లో ఇనుపపెట్టె – ఇద్దరికి తెలియవలసిన సంగతి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నందిపేట్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఏ. గురించీ, బకాయిల గురించీ మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శి గారు నన్ను, వచ్చిన డబ్బునూ ఉన్న బంగారాన్నీ ఇంట్లో ఎట్లా భద్రపరచుకోవాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ట్రెజరీలో గుమాస్తాగా 33 ఏళ్ళు స్ట్రాంగ్ రూం పక్కన కూర్చున్నవాడిని గనుక నాకు తెలుసునని వారి నమ్మకం. ఆ తెలివి నా స్వంత అక్కగారికి అక్కరకు రాలేదు. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

మన నందిపేట్, ఆర్మూర్ ప్రాంతంలో డబ్బు నెలనెలా వచ్చేది కాదు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలితే ఏడాదికొక్కసారి చేతికి వస్తుంది. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు పంపినప్పుడు వస్తుంది. మనబోటి వాళ్ళకు రిటైరైన నాడు గ్రాట్యుటీ రూపంలో వస్తుంది. వచ్చిన దానిలో కొంత బంగారమవుతుంది. మన పెద్దలు దాన్ని గోడ గూట్లోనో, బియ్యం గోలెంలోనో, కర్ర సందుగలోనో దాచేవారు. తర్వాత బీరువా వచ్చింది. బీరువా రాగానే మనకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే తప్పని నా మొదటి మనవి.

బీరువా బట్టలకూ కాగితాలకూ చేసిన పలుచని రేకు పెట్టె. దాని లోపలి లాకరు కూడా అదే రేకు. గడ్డపారతో ఒక్క పెకలింపు పెకలిస్తే తలుపు వంగుతుంది. ఇనుపపెట్టె, అదే మనవాళ్ళు తిజోరి అంటారే, అది వేరు. దాని తలుపు మందం వేరు, గడియలు వేరు. బరువుకు ఇద్దరు మనుషులు చాలరు.

ఇనుపపెట్టెలో కూడా రెండు జాతులున్నాయి. ఒకటి దొంగకు తట్టుకునేది, రెండవది నిప్పుకు తట్టుకునేది. దొంగకు తట్టుకునే పెట్టెలో ఇనుము మందంగా ఉంటుంది, కాని ఇనుము వేడిని లోపలికి పంపిస్తుంది. ఇంట్లో మంట లేస్తే నగలు మిగులుతాయేమో గాని కాగితాలు మాడిపోతాయి. నిప్పుకు తట్టుకునే పెట్టె గోడల మధ్య కాంక్రీటు వంటి పదార్థం నింపుతారు. దానిలో ఇమిడి ఉన్న నీరు వేడికి ఆవిరై లోపలి వేడిని అదుపులో ఉంచుతుంది. కాగితాల పెట్టెకు ఒక గంట పరీక్ష అంటే, గంటసేపు మంటలో ఉన్నా లోపలి వేడి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటరాదు. కాగితం దానికి ఓర్చుకుంటుంది. ఫొటోలు దాచే పెన్ డ్రైవు వంటివి ఓర్చుకోవు. అయితే నిప్పు పెట్టెలు కొన్ని పైకి పలుచని రేకుతో ఉంటాయి, దొంగకు సులువు. కనుక కొనేటప్పుడు 'ఇది దేనికి తట్టుకుంటుంది, ఎంతసేపు తట్టుకుంటుంది' అని రెండు ప్రశ్నలు అడగండి. రెండింటికీ పరీక్ష పత్రం చూపమనండి. మన దేశంలో ఇనుపపెట్టెలకు ఐ.ఎస్. 550 అనే ప్రమాణం ఉన్నది.

మంచి పెట్టె విలువ ఆపదలోనే తెలుస్తుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు, పత్తి నింపుకున్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి, రేవంతా తగలబడింది. 1897లో ఆర్దేశిర్ గోద్రెజ్ తాళాల తయారీతో మొదలుపెట్టిన కంపెనీ పెట్టెలు కొన్ని ఆ మంటల్లో చిక్కుకుని కూడా, లోపలి కాగితాలు చెడకుండా నిలిచాయని చెబుతారు. ఆ కంపెనీ పేరు మన ఇళ్ళలో బీరువాకు మారుపేరయింది.

అయితే ఏ పెట్టె అయినా దొంగను ఆపదు, ఆలస్యం చేస్తుంది. అంతే. అమెరికాలో పరీక్షించి టి.ఎల్. 15, టి.ఎల్. 30 అని గుర్తు వేస్తారు. పనిముట్లు తెలిసిన నిపుణులు ప్రయత్నించినా తలుపు 15 నిమిషాలు, 30 నిమిషాలు నిలుస్తుందని దాని అర్థం. ఎంత గట్టి పెట్టెకైనా లెక్క నిమిషాలలోనే. మన జిల్లాలోనే మెండోరా మండలం బుస్సాపూర్‌లో 2022 జూలైలో దొంగలు గ్యాస్ కట్టర్ తెచ్చి గ్రామీణ బ్యాంకు పెట్టెనే కోసి బంగారం ఎత్తుకుపోయారు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తి స్టేట్ బ్యాంకులోనూ అదే తీరు. బ్యాంకు పెట్టె గతి అట్లా ఉంటే మన ఇంటి పెట్టె ఎంత? దొంగకు కావలసింది ఒంటరి ఇల్లు, తీరిక సమయం. వారం రోజులు ఇంటికి తాళం వేసి కొడుకు దగ్గరికి పోయేటప్పుడు పక్కింటివారికి, పోలీసు స్టేషనుకు చెప్పండి. వాకిట్లో దీపం వెలిగించేవారిని ఏర్పాటు చేయండి. ఆ రెండు పనులూ పెట్టె తలుపు మందంతో సమానం.

ఇక పెట్టెను ఎక్కడ పెట్టాలి? పెట్టెలో నింపినది కాదు, పెట్టెనే ఎత్తుకుపోయే దొంగలున్నారు. అడుగున, వెనుక బోల్టు రంధ్రాలున్న పెట్టెనే కొని కాంక్రీటులోకి బిగించాలి. మన పాత మట్టిగోడల ఇళ్ళలో గోడకు బిగిస్తే గోడతో సహా ఊడి వస్తుంది. అటువంటి చోట నేలలో కాంక్రీటు దిమ్మె పోయించి దానికి బిగించండి. దిమ్మె జానెడు ఎత్తు ఉంటే వానాకాలం చెమ్మ కూడా పైకి ఎక్కదు. నిప్పు పెట్టెలకు చెమ్మ సహజం గనుక దస్తావేజులను ప్లాస్టిక్ కవర్లలో ఉంచి, నెలకొకసారి తలుపు తీసి గాలి ఆడనివ్వండి.

మన వాళ్ళు వాస్తు ప్రకారం బీరువా నైరుతి గదిలో పెడతారు. పెట్టుకోండి, నేను కాదనను. కాని దొంగ కూడా మన ఊరి పక్కవాడే, వాడికీ వాస్తు తెలుసు. నేరుగా నైరుతి గదికే పోతాడు. తాళపుచెవి కోసం బీరువా పైన, పరుపు కింద, దేవుని గూట్లో వెదుకుతాడు. ఆ మూడు చోట్ల తప్ప మరెక్కడైనా పెట్టండి.

తాళం విషయానికి వస్తే, చెవి తాళానికి కరెంటూ బ్యాటరీ అక్కరలేదు. దానికి రెండు చెవులుంటాయి. రెండవది పెట్టె లోపలే పెట్టినవారిని నేనెరుగుదును! ఒక చెవి పోతే బజారులో నకలు చేయించవద్దు, తాళమే మార్పించండి. నంబరు నొక్కే తాళమైతే మొదట కంపెనీ ఇచ్చిన నంబరును మార్చండి. పుట్టిన తేదీ, రిటైరైన తేదీ, స్కూటర్ నంబరు పెట్టకండి. అవి ఊరందరికీ తెలిసినవే. బ్యాటరీ ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలో మారిస్తే మరచిపోము. బ్యాటరీ అయిపోయినప్పుడు తెరిచే అత్యవసర చెవి పెట్టె బయటే ఉండాలి. వేలిముద్ర తాళం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. లైఫ్ సర్టిఫికెట్ మిషను ముందు మన అరిగిపోయిన వేళ్ళు ఎన్నిసార్లు మొరాయించాయో ఇక్కడ అందరికీ అనుభవమే.

ఇంట్లో ఎంత ఉంచాలి? నాలుగు రోజులు ఒంటి మీద వేసుకునేంత బంగారం, ఒక ఆసుపత్రి రాత్రికి సరిపడే నగదు, నిత్యం కావలసిన కాగితాలు. మిగిలినది బ్యాంకు లాకరులో. లాకరు కూడా అన్ని విధాలా అభయం కాదు. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, కట్టడం కూలడం, ఉద్యోగి మోసం వంటి వాటిలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. అద్దె 2,000 రూపాయలైతే 2 లక్షలు. వరద, పిడుగు, భూకంపం వంటివి బ్యాంకు నిర్లక్ష్యం లేకుండా జరిగితే ఆ బాధ్యత కూడా ఉండదు. 2025 నవంబరు 1 నుంచి లాకరుకు నలుగురి వరకు, ఒకరి తర్వాత ఒకరుగా నామినీలను రాయవచ్చు. ఇంకా రాయనివారు రేపే వెళ్ళి రాయండి.

ఇప్పుడు ట్రెజరీ సంగతి. స్ట్రాంగ్ రూంకు డబుల్ లాక్ ఉంటుంది. రెండు తాళాలు, రెండు చెవులు, ఇద్దరు మనుషులు. ఒక్కరే ఎవరూ తెరవలేరు. నకలు చెవులు సీలు వేసి వేరొక చోట భద్రం చేస్తారు. ఏడాదికొకసారి తెప్పించి సరిచూసి, మళ్ళీ సీలు వేస్తారు. లోపల ఏముందో రిజిస్టరు చెబుతుంది. ఎవరైనా బదిలీ అయితే చార్జి లిస్టు మీద ఇద్దరూ సంతకం చేయనిదే రిలీవ్ కారు. ఇందులో నాకు కంఠతా రాని నియమం లేదు.

మా బావగారిది పసుపు సేద్యం. వారి తాతల నాటి ఇనుపపెట్టె ఒకటి నడిమింట్లో ఉండేది. చెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే. 2016 ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెవి మా అక్క తీసుకుంది, పెట్టె తెరిచి ఉన్న నగలు, పాసుబుక్కులు చూసుకుంది. ఆ ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. టీవీలో ఆ వార్త వచ్చిన నాటి నుంచి ఆయన ఎడమ చెయ్యి ఎత్తి నడిమిల్లు వైపు చూపేవారు. నేను మంచం పక్కన కూర్చుని నీళ్ళు కావాలేమో అనుకున్నాను. అక్క దేవునికి దండం పెట్టుకుంటున్నాడన్నది. పిల్లలు ఫ్యాన్ తగ్గించారు. డిసెంబరు 30తో బ్యాంకుల్లో గడువు ముగిసింది. సంక్రాంతి పోయిన తర్వాత ఆయన పోయారు.

2018లో ఇల్లు మరమ్మతు చేయిస్తూ ఆ పెట్టెను పాత ఇనుముకు అమ్మారు. కొన్నవాడు నిజాయితీపరుడు. పెట్టె అడుగు పలక కింద మరొక అర ఉంటే, అందులో దొరికిన మూట తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. 140 వెయ్యి రూపాయల నోట్లు. చిన్న మనవరాలి పెళ్ళి కోసమని మూటలో చీటీ. అక్క నాకు కబురు పెట్టింది. "తమ్మీ, నువ్వు సర్కారు పైసల కాడ్నే పని జేసినవు గదా, ఇవి ఇగ చెల్లవా?" అని అడిగింది. చెల్లవన్నాను. 2017 చట్టం ప్రకారం అటువంటి నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోవడమే నేరమని కూడా నేనే చెప్పవలసి వచ్చింది. అక్క వాటిని పొయ్యిలో వేసింది. చీటీ మాత్రం దాచుకుంది.

ఆ పెట్టెను ఏ దొంగా ముట్టలేదు. దాని తాళం ఒక్కనాడూ మోసం చేయలేదు. సొమ్ము పోయింది ఒక్కరికే తెలిసి ఉండటం వల్ల. ఆఫీసులో ఇద్దరు లేనిదే తలుపు తెరవనివ్వని నేను, మా బావను ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో 'ఇందులో ఏముంది, ఇంకెవరికి తెలుసు?' అని ఒక్కసారి అడగలేదు. అడిగితే ఆస్తి మీద కన్ను అనుకుంటారని మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు లక్షా నలభై వేలు, మంచంలో ఆయన రెండు నెలల వేదన.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నా భార్యను కూర్చోబెట్టి పెట్టె తెరిచి అన్నీ చూపాను. ఆమె అంతా విని, "అన్నీ బాగనే ఉన్నయి గని, మీ పి.పి.ఓ. ఎక్కడున్నది?" అన్నది. అది ఆఫీసు రోజుల నాటి ఒక పాత ఫైలులో, అటక మీద ఉన్నది. నా తర్వాత ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే మొదట అడిగే కాగితం అదే. బంగారానికి ఇనుపపెట్టె, పెన్షన్ కాగితానికి అటక!

కనుక నా విన్నపం ఇంతే. ఒక తెల్లకాగితం తీసుకోండి. పెట్టెలో ఏముంది, లాకరులో ఏముంది, ఏ నగ కుదువలో ఉంది, ఎవరికి బదులిచ్చాము, పి.పి.ఓ., పాసుబుక్కులు, పట్టా కాగితాలు ఎక్కడున్నాయి, రహస్య అర ఉంటే అది ఎక్కడ, అన్నీ రాయండి. నగలకు ఫొటోలు తీయించండి. తాళం నంబరు ఆ కాగితం మీద వద్దు, నోటితో చెప్పండి. కాగితం ఒకటి భార్య దగ్గర, సీలు వేసిన నకలు ఒకటి నమ్మకమైన కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండాలి. ఏటా ఈ డిసెంబరు 17న ఇద్దరూ కూర్చుని పెట్టె తెరిచి సరిచూసుకోండి. చెవి తిప్పడం ఆమె చేత చేయించండి. చూపడం వేరు, చేయించడం వేరు.

ఉద్యోగం నుంచి రిలీవ్ అయ్యే తేదీ మనకు చేరిన రోజే తెలుసు. ఇంటి నుంచి రిలీవ్ అయ్యే తేదీకి ఉత్తర్వు ముందుగా రాదు. చార్జి లిస్టు ముందే రాసి ఉంచుకుందాము.