తర్పణవేళ తెలిసిన అన్న

భారతయుద్ధము ముగిసినది. పాండవులు గంగాతీరమున తమవారికి తిలోదకము లిచ్చుచుండిరి. అప్పుడు కుంతీదేవి కన్నీటితో కుమారులను సమీపించి, కర్ణునకు గూడ నీళ్ళు వదలవలసినదనియు, అతడు తన తొలిచూలు బిడ్డడనియు చెప్పెను. ఆ అన్న అప్పటికే అర్జునుని బాణమునకు కూలియున్నాడు. తిక్కన సోమయాజి 13వ శతాబ్దిలో తెనుగు చేసిన పర్వములలో ఈ స్త్రీపర్వ మొకటి.

పూర్వకథ శ్రోతలకు తెలిసినదే. దుర్వాసుని సేవించి మంత్రము పొందిన కన్య, కుతూహలముతో సూర్యుని పిలిచి, కవచకుండలములతో పుట్టిన శిశువును పెట్టెలో నుంచి నదిలో విడిచెను. ఆ పెట్టె గంగలో కొట్టుకొనిపోయి సూతుడైన అధిరథునకు దొరికెను. పెంచిన తల్లి రాధ. కనుకనే అతడు రాధేయుడు. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనమున కర్ణార్జునులు ఎదురెదురుగా నిలిచిననాడు కుంతి మూర్ఛిల్లినది. కారణము అక్కడ తెలిసిన వారెందరు?

శాంతిపర్వమున ధర్మరాజు నారదునితో చెప్పుకొనిన మాట యొకటి కలదు. ద్యూతసభలో కర్ణుని పరుషవాక్యములకు తనకు కోపము రాగా, అతని పాదములపై చూపు పడినంతనే అది చల్లారినదట. ఆ పాదములు కుంతి పాదములవలె నుండెను. ఎందుకో ఎంత యోచించినను తోచలేదట. ఈ రహస్యమే తమ సర్వనాశమునకు మూలమని తలచి అతడు, స్త్రీలకు రహస్యము దాగకుండుగాక యని శపించెను.

ఈ శాపము న్యాయముగా నాకు తోచదు. శ్రీకృష్ణునకు తెలియును. అంపశయ్యపై నున్న భీష్ముడు, నారదుని వలన తాను వినియుంటినని కర్ణునితోనే చెప్పెను. ఆ నారదుని ఎదుటనే కదా ధర్మరాజు వాపోయినది! కర్ణుడు సైతము ఈ సంగతి ధర్మరాజునకు తెలియనీయవలదని కృష్ణుని వేడెను. తెలిసినచో అతడు రాజ్యము తనకిచ్చుననియు, తాను దానిని దుర్యోధనునకు ఇయ్యవలసి వచ్చుననియు అతని వాదము. ఇందరు మగవారు ఎవరి కారణముతో వారు దాచిరి. శాపము మాత్రము ఆడువారికి తగిలినది. తుదకు ఎవరును అడుగకయే నోరు విప్పినది ఆ తల్లియే.

ఆశ్రమవాసపర్వమున, వృద్ధురాలైన కుంతి ఆ కుమారుని ఒక్కమారు చూడవలెనని వ్యాసునకు విన్నవించుకొనెను. నీయందు దోషము లేదని ఆ మహర్షి పలికెను. ఆ రాత్రి యుద్ధమున మడిసిన వారెల్ల గంగనుండి వెలువడి వచ్చిరి. పాండవులు అన్నను వైరము లేక కలిసికొనిరి. రాత్రి గడచినంతనే అతడు అందరితోపాటు మరల ఆ నీటిలోనికే పోయెను.